మల్లవ్వ మంద పొట్టేలు

అత్తమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ పన్నెండు గొర్రెలను అమ్మేయమని అందరూ చెప్పినా నేను వినలేదు. నువ్వు పోయిన వారానికి పుట్టిన పొట్టేలును, నువ్వు నేర్పినట్టే నానబెట్టిన ఉలవలు పెట్టి పెంచాను. నిన్న దాన్ని ఎల్లారెడ్డిలో మేలుజాతి గొర్రెల పోటీకి తీసుకెళ్లాను.

రెండో బహుమతే వచ్చింది. నేను చిన్నబోయి నిలబడితే, సదాశివనగర్ నుంచి వచ్చిన ముసలి కాపరి ఒకాయన దాని వీపు తడిమి, "ఇది మల్లవ్వ మందల పుట్టిందే గదా?" అన్నాడు. నీ పేరు వినగానే పొట్టేలు తాడు గట్టిగా పట్టుకున్నాను.

"ఎట్ల గుర్తువట్టినవ్ తాతా?"

"గిసొంటి నడుము ఇంకేడున్నది బిడ్డా? మంచి పిల్లలు పుడ్తయి, నా గొర్రెల మీదికి దీన్ని పంపుతవా?"

"మా అత్తమ్మ ఉంటే ముందుగాల నీ గొర్రెలను చూస్తుండె. నేను గూడ చూసినంకనే చెప్త."

ఆయన నవ్వి సరేనన్నాడు. రేపు పొద్దున్నే సదాశివనగర్ వెళ్తున్నాను.

నీ కోడలు