నూట నలభై మీటర్ల దగ్గర

తేదీ 14, మంగళవారం
మధ్యాహ్నం

టెలిఫోన్ శాఖ పెద్ద ఇంజనీరు గారికి,

నమస్కారాలు. మీరూ మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మీ దగ్గర కేబుళ్ళు అతికే పని చేసే పిల్లకి నేను అత్తగారిని. నాకు అక్షరం ముక్క రాదు, నోటితో చెప్పి రాయిస్తున్నాను. మాట కరుకుగా తగిలితే ఆ కరుకు నాదే.

పోయిన వారం ఆసుపత్రి ఫోన్లు రెండు రోజులు మూగబోయాయి. మా కోడలు వేసిన అతుకే చెడిందని తేల్చి, దాన్ని పనిలోంచి ఆపేశారు. శుక్రవారం విచారణట. నీ చేతకానితనానికి ఏ ప్రాణమైనా పోయి ఉంటే ఏం చేసేదానివని మీ సూపర్‌వైజరు పదిమందిలో అడిగాడట. అప్పటినుంచి ఆ పిల్ల కంచం ముందు కూర్చుని తన వేళ్ళకేసి చూసుకుంటోంది.

ముసలిదానికి కేబుళ్ళ సంగతేం తెలుసనుకోకండి. అడిగి తెలుసుకున్నాను. నూతిలోకి కేకేస్తే తిరిగొచ్చినట్టే, మీ టెస్టరు పెట్టె కేబుల్లోకి ఒక సిగ్నల్ వదులుతుంది. ఎక్కడ దెబ్బ ఉంటే అక్కడ తగిలి అది వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి, పెట్టె ఇన్ని మీటర్లని చెబుతుంది. బాగానే ఉంది. కానీ అన్ని కేబుళ్ళలోనూ అది ఒకే వేగంతో పోదట. ఏ రకం కేబులో ముందుగా పెట్టెకి చెప్పాలట. నత్తకీ గుర్రానికీ ఒకటే లెక్క కడితే దూరమెలా కుదురుతుంది బాబూ?

ఆ రోజు మాత్రం, అంతకుముందు చూసిన వేరే రకం కేబులు వేగమే మార్చకుండా పెట్టెలో ఉండిపోయింది. పెట్టె నూట నలభై మీటర్లంది. అక్కడ మా కోడలి అతుకు ఉంది. ఇంకేం, దొంగ దొరికిందన్నారు! అతుకు చెడితే లోపలికి నీరు దిగాలట, విప్పి చూస్తే చుక్క తడి లేదు. అయినా నింద చెరగలేదు. వేరే కేబులు లాగి ఫోన్లు నడిపించారు. పాతది అలాగే మట్టిలో పడి ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. శుక్రవారంలోగా సరైన వేగం పెట్టి దాన్ని మళ్ళీ కొలిపించండి. చూపిన చోట తవ్వించండి. అప్పుడూ తప్పు మా పిల్లదే అయితే మీ గుమ్మంలో నేనే తలవంచుకుని నిలబడతాను. కాకపోతే, పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి.

ఇట్లు,
మీ మేలు కోరేది, మీకు జడవనిది,
కోడలి తరఫు అత్తగారు
(వేలిముద్ర)

తా.క.: వేగం మార్చలేదని నాకెవరు చెప్పారంటారా? ఆ రోజు పెట్టె పట్టుకున్న మీ టెస్టరే. వాడు నా కన్నకొడుకు, ఆ పిల్ల మొగుడు. ఆ సాయంత్రమే తప్పు తెలిసింది వాడికి. ఉద్యోగం పోతుందని, ఆరు రోజులు పెళ్ళాం ఏడుపు చూస్తూ నోరు కుట్టుకున్నాడు. నిన్న నా దగ్గర కక్కాడు. ఈ ఉత్తరం రాస్తున్నదీ వాడే. నా వేలిముద్ర పక్కన వాడి సంతకమూ ఉంటుంది. మీకంటే ముందు, పక్కగదిలో ఉన్న నా కోడలికి ఇది చదివి వినిపించమన్నాను. ఇక్కడికొచ్చేసరికి కలం ఆగిపోయింది. రాయరా. రాశావా? ఇక లే.