ఆరో గది చిరునామా

ప్రియమైన బుల్లీ,

వదిన ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటని కంగారు పడకు. ఈ మాట ఎత్తితే చాలు, మీ అన్నయ్యకు కోపం ముక్కు మీదికి వస్తోంది. ఆసుపత్రి సూపరింటెండెంటును కడిగేస్తానంటూ బయల్దేరుతుంటే చొక్కా పట్టుకుని ఆపుతున్నాను. మన రెండు గదుల ఇంట్లో ఆయన చెవిన పడకుండా ఫోన్లో మాట్లాడే చోటెక్కడుంది? ఆయన డ్యూటీకి వెళ్లే వేళకు నువ్వూ పనిలో ఉంటావు.

మొన్న మధ్యాహ్నం మా వార్డు ఆరో గదిలో, గడియారాలు బాగుచేసే పెద్దాయనకు ఊపిరి అందలేదు. మంచం పక్కన మానిటర్ మోగింది, కానీ తలుపు మూసి ఉంది. నా బల్ల మీది తెరకు ఏ కబురూ రాలేదు. నీకు తెలుసుగా, గంట మోగిన గదే ఆ తెర మీద కనిపిస్తుంది, మిగతావాళ్లంతా బాగున్నట్టే లెక్క. మాత్ర ఇద్దామని వెళ్లేసరికి ఆయనకు స్పృహ లేదు. ఇప్పటికీ రాలేదు.

మానిటర్ లోపల మాత్రం 'కబురు పంపాను' అని నమోదై ఉందట. "మిషన్ అబద్ధం చెబుతుందా? నువ్వే కునుకు తీసుంటావు" అన్నాడు సూపరింటెండెంటు. నన్ను సస్పెండ్ చేశారు. విచారణలో తప్పు నాదేనని తేలిస్తే ఇంకే ఆసుపత్రిలోనూ నన్ను నర్సుగా గడప తొక్కనివ్వరు.

నేను నిద్రపోలేదు బుల్లీ. ఆ వార్డులో నెట్‌వర్కు పెట్టింది నువ్వే కదా, పంపిన కబురు దారిలో ఎక్కడ పోయిందో చెప్పు. జవాబు ఇంటికే రాయి, పోస్టు వచ్చే వేళకు ఆయన డ్యూటీలో ఉంటారు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
వదిన

*

అమ్మ తర్వాత అమ్మలాంటి వదినకు,

అన్నయ్య గురకకు ఇంట్లోనే నిద్రపట్టని మనిషివి, డ్యూటీలో కునుకు తీశావంటే నమ్మేదెవరు? కళ్లు తుడుచుకుని ఇది నిదానంగా చదువు.

ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటాం. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. నీ బల్ల మీది తెర 192.168.5.20, ఆరో గది మానిటర్ 192.168.5.136. ముందు భాగం వీధి పేరు, వెనక భాగం ఇంటి నంబరు అనుకో. వీధి ఎక్కడ అయిపోయి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ప్రతి యంత్రంలోనూ ఇంకో సంఖ్య ఉంటుంది, దాన్ని సబ్‌నెట్ మాస్క్ అంటాం.

మొదట్లో మీ వార్డంతా ఒకే వీధి. మాస్క్ 255.255.255.0. అంటే మొదటి మూడు సంఖ్యలూ వీధి, చివరిదొక్కటే ఇల్లు. సున్నా నుంచి 255 దాకా అందరూ ఇరుగుపొరుగే. ఒకరి గోల అందరికీ వినిపిస్తోందని, ఈ ఉద్యోగానికి వచ్చే ముందు నేనే ఆ వీధిని సగానికి చీల్చాను. దానికి మాస్క్ చివర సున్నా తీసి 128 పెట్టాలి. ఇప్పుడు 127 దాకా బల్లల వీధి, 128 నుంచి మానిటర్ల వీధి. ఒక వీధి కబురు ఇంకో వీధికి వెళ్లాలంటే మధ్యలో గేటు దాటాలి. ఆ గేటు పేరు రౌటర్.

కిటుకంతా ఇక్కడే ఉంది. అవతలి చిరునామా తన వీధిలోది కాదని తెలిస్తేనే మానిటర్ కబురును గేటుకు అప్పగిస్తుంది. తన వీధిలోదే అనుకుంటే గేటు వైపే వెళ్లదు, ఉన్నచోటే నిలబడి పిలుస్తుంది. అక్కడ పలికేవాళ్లుండరు. అది మాత్రం పంపేశాననే రాసుకుంటుంది.

ఆ మానిటర్లో మాస్క్ ఏముందో ఎవరినైనా చూడమను. దాన్ని పెట్టిందెవరో కూడా కనుక్కో. ఆ పెద్దమనిషి దొరికితే ఊరికే వదలను.

నీ
బుల్లి

*

ప్రియమైన బుల్లీ,

నీ నోట్లో చక్కెర పొయ్య! పక్క వార్డు నర్సు గది శుభ్రం చేయించే వంకతో వెళ్లి చూసొచ్చింది. చివర సున్నానే ఉంది. 255.255.255.0. నీ ఉత్తరం చదివాక ఇన్నాళ్లకు కడుపునిండా తిన్నాను.

ఆ మానిటర్ మరమ్మతుకు వెళ్లి, నువ్వు ఊరు దాటాక తిరిగొచ్చింది. పేషెంటు ఎదురుచూస్తున్నాడని నేనే పోరితే మీ అన్నయ్య తెచ్చి గోడకు బిగించారు. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్‌కు అంకెలతో పనేముంది, ఆ అంకెలు కొట్టినవాడెవడో కంప్యూటర్ల గదిలోనే ఉండుంటాడు. నువ్వు సూపరింటెండెంటుకు ఒక్క ముక్క రాసిపెట్టు చాలు. వచ్చే నెలలోనే విచారణ.

సంతోషంతో
వదిన

*

వదినకు,

మాస్క్ సంగతి నేను తొందరపడి రాశానేమో. కబురు పోవడానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. సూపరింటెండెంటుకు నేను రాస్తే ఇంటి మనిషి మాటని కొట్టిపారేస్తారు. ఒక క్షమాపణ రాసిచ్చి బయటపడు. ఇక్కడికి వచ్చెయ్, ఏదో ఒక పని నేను చూస్తాను. అన్నయ్యతో ఇవేవీ అనకు.

బుల్లి

*

బుల్లీ,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు. రాయకుండా ఉండడానికి మనసూ ఒప్పుకోలేదు. ప్రియమైన బుల్లీ.

ఆ పొడి ఉత్తరం తర్వాత నేనెన్ని రాసినా నువ్వు పలకలేదు. విచారణ దగ్గరపడుతుంటే నీ పాత ఉత్తరం ముందేసుకుని కూర్చున్నాను. చివర 128 ఉంటే 136 ఒక వీధి, 20 ఇంకో వీధి. కబురు గేటుకు వెళ్తుంది. చివర సున్నా ఉంటే రెండూ ఒకే వీధి, మానిటర్ నిలబడి పిలుస్తూనే ఉంటుంది. చిన్నపిల్లకైనా తలకెక్కేలా చెప్పావు. ఇంత బాగా తెలిసినదానివి మాట మార్చావంటే, నువ్వు దాస్తున్నది ఒక మనిషినని అర్థమైంది.

అన్నం పెడుతూ మీ అన్నయ్యనే అడిగాను. "అంకెలా? నేనే కొట్టాను. బుల్లి నేర్పింది కదా, స్టిక్కరు మీది అడ్రసు కొట్టి కింద మూడు 255లు, ఒక సున్నా పెట్టమని. అన్నిటికీ అదే పెడతాను" అన్నారు. నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. వీధిని చీల్చిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చదువుతూ చదువుతూ ముద్ద కంచంలో వదిలేశారు.

"పదకొండో గదిది కూడా నేనే పెట్టానే" అన్నారు.

చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తారు. వెనకాలే నేను. పదకొండో గదిలో ఆపరేషన్ అయిన అమ్మాయి ఉంది, ఇంకా మత్తులోనే ఉంది. సూపరింటెండెంటును పిలిచి, ఆయన కళ్లముందే ఆ అమ్మాయి వేలికున్న ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తీశారు. గదిలో మానిటర్ గగ్గోలు పెట్టింది. నా బల్ల మీది తెర నల్లగా, చల్లగా ఉంది.

సూపరింటెండెంటు నాకు నా కుర్చీ చూపించి, మీ అన్నయ్యకు గేటు చూపించాడు. జేబులోని తాళాలు తీసి బల్ల మీద పెట్టి తలవంచుకుని నడిచారు. ఎంత కోపిష్టి మనిషి బుల్లీ!

గడియారాల పెద్దాయనకు స్పృహ వచ్చింది, కుడిచెయ్యి లేవడం లేదు. మీ అన్నయ్య రోజూ వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని వేళ్లు కదిలించే కసరత్తు చేయిస్తున్నారు.

నీ మీద కోపం లేదంటే అబద్ధం. అన్నయ్య పని పోకూడదని నా పని పోనిచ్చావు, అంతవరకూ నాకు అర్థమవుతుంది. పదకొండో గది సంగతి నీకు తెలియదు, నిజమే. కానీ ఇంకెక్కడైనా పెట్టారా అని ఒక్క మాట ఆయన్ను అడగాల్సింది. నువ్వు నోరు మూసుకున్నన్నాళ్లూ ఆ గదిలో ఎవరో ఒకరు పడుకునే ఉన్నారు.

మళ్లీ అదే తెర ముందు కూర్చుంటున్నాను. కబురు రాకపోతే అంతా బాగున్నట్టే అంటే ఇప్పుడు నమ్మలేకపోతున్నాను. అస్తమానం లేచి వెళ్లి ఒక్కో తలుపూ తీసి చూసి వస్తున్నాను. నీ తలుపు తీసి చూడ్డానికి నాకు ఇక్కడి నుంచి చెయ్యి అందదు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఏడుపొస్తే ఏడువు, కానీ రాయి.

నీ
వదిన