మిరియాల చేప, పంచదార చేప

యెరూషలేము

తమ్ముడు గెట్జెల్‌కు,
దేవుడు నిన్నూ పిల్లల్నీ చల్లగా చూడాలి. కింది వాటా జిస్ల్‌కు కుట్టుపని పోయింది. భర్త లేడు. పస్తులైనా ఉంటుంది గాని చెయ్యి చాచదు. అందుకే శుక్రవారాలు తెల్లారకముందే సబ్బాతు రొట్టె, చేప ఉండలు, కొవ్వొత్తులు బుట్టలో సర్ది ఆమె గుమ్మంలో పెట్టి వస్తున్నాను. ఎవరిచ్చారో తెలిసిందా, ఇక ముట్టదు. దానాన్ని మనం సెదాకా అంటాం, అంటే దయ కాదు, న్యాయం. న్యాయానికి చప్పుడెందుకు? నువ్వూ నోరు జారకు.
అక్క మెనూహా
తా.క.: చేపలో మనింటి పద్ధతిలో పంచదారే వేశాను. వాళ్ల వైపు మిరియాలు. తిట్టుకుంటూ తింటుంది.

హైఫా

పెద్దక్కకు కోపంతో కూడిన నమస్కారాలు.
మీ ప్రార్థన మందిరం కాపలాదారు ఫైవెల్ ఇక్కడికి పెళ్లికి వచ్చాడు. "మీ అక్క మొహం మీదికి శాలువా లాక్కుని, దానం బుట్టతో మెట్ల మీద కనబడిందయ్యా" అన్నాడు. దానం పుచ్చుకునే గతి నీకే పడితే, నాకెందుకే ఆ జిస్ల్ కథ అల్లావు? నేను చచ్చానా? నీ సంగతి చూడమని మందిరం పెద్దలకు చెప్పి పంపాను.
గెట్జెల్
తా.క.: కాదని మాత్రం అనకు. "అభిమానం, పాపం" అని ఇంకో బుట్ట పంపుతారు.

యెరూషలేము

తమ్ముడికి,
ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూనే ఉన్నాను, పళ్లు నూరుతూ. నా గుమ్మం నిండా బుట్టలు. మాంసం కొట్టు లీబర్ కళ్లు తుడుచుకుని ఎముకలు ఊరికే ఇచ్చాడు. నిజం చెబితే జిస్ల్ పరువు పోతుంది. నన్నే పేదదనుకోనీ. బుట్టలన్నీ కింద జిస్ల్ గుమ్మానికి మోసి నడుం పట్టేసింది. కుంటుతుంటే చూసి, నీరసమని ఇంకోటి వచ్చింది.
మెనూహా
తా.క.: ఆ చివరి బుట్టలో చేప రుచి చూశాను. మిరియాలు! నోరు మండి కీర్తన సగంలో ఆగింది. మా సందులో అలా వండేది ఒక్కతే.

హైఫా

అక్కా, తప్పయిపోయింది.
అయితే జిస్ల్ నిజంగానే ఉందా! ఆదివారం బస్సెక్కి వచ్చి, అందరి ముందూ నిజం చెప్పేస్తాను.
గెట్జెల్

యెరూషలేము

తమ్ముడికి,
బస్సెక్కకు.
నిన్న జిస్ల్ పైకి వచ్చింది. "చెప్పకూడదు గాని మెనూహా, నా గుమ్మంలో ఎవరో పెడుతున్నారు. తీసుకునేవాళ్లూ ఎంతో కొంత ఇవ్వాలిగా, నేను నీకు పెట్టాను. కానీ బుట్టలతో ఎన్నాళ్లే? చేతికి పని చూపించడమే అన్నిటికన్నా పెద్ద దానం. నేను చేప వండుతాను, నువ్వు అమ్ము. చెరిసగం. నిన్నిలా వదిలెయ్యలేను" అంది. ఆమె అలా నిటారుగా నిలబడగా చూసి ఎన్నాళ్లయిందో. తల వంచుకుని దానం పుచ్చుకున్నాను. గురువారం కొట్టు తెరుస్తున్నాం.
మెనూహా
తా.క.: పంచదార చేప మాత్రం అమ్మొద్దంది. "ఆ బుట్టలు పెట్టేదెవరో గాని, మనసు బంగారం. వంట మాత్రం దేవుడే బాగుచెయ్యాలి" అంది. ఆమేన్ అన్నాను.