నా గదికి అనుమతి ఇవ్వవద్దని మనవి

చోడవరం పంచాయతీ కార్యదర్శి గారికి, అదే ఊరి కాపురస్తుడు, హైస్కూలు గుమాస్తా శామ్సన్ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: అదనపు గది కొరకు నేనే పెట్టుకున్న దరఖాస్తును తమరు తిరస్కరించుట గురించి.

1. మాది రెండు గదుల ఇల్లు. మా అబ్బాయి సాల్మన్‌కు ఈ మధ్యనే పెళ్లయినది. కొత్త జంట ముందుగదిలో, నేనూ నా భార్య డెబోరా వంటగదిలో పడుకొనుచున్నాము. గది అవసరమే, కాదనను.

2. కట్టుటకు మా స్థలంలోని పక్క సందు తప్ప వేరే జాగా లేదు. పొరుగింటి అచ్చియ్యమ్మ గారి ఒకే ఒక్క కిటికీ ఆ సందులోకే తెరుచుకొనును. ఆ వెలుతురులో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టి ఆమె బతుకుచున్నది. “లైటు కింద సూది బెజ్జం కనపడదు బాబూ” అనును. మా కోడలి పెళ్లి జాకెట్టు కూడా అక్కడే కుట్టినది.

3. డెబోరా గది మాట ఎత్తినప్పుడల్లా “రూలొప్పుకోదే” అని తప్పించుకొంటిని. జనం ఇళ్లు కట్టుకోవాలని ప్రభుత్వము వారు రూల్సు సడలించిన వార్త వచ్చినప్పుడల్లా ఆ పేపరు దాచితిని. చివరకు చిన్న స్థలాలకు పక్కన వదలవలసిన ఖాళీ తగ్గించిన వార్త, చేపల పొట్లమై మా ఇంటికే వచ్చినది. “ఏటయ్యా, రూలు మారిపోయిందంట! నాతో సెప్పలేదేటి?” అని డెబోరా నిలదీసినది.

4. ఇప్పుడు దరఖాస్తులో అంతా సక్రమమని మనమే సంతకం పెడితే చాలునట. పెట్టేశాను. అప్పటి నుంచి ఆ సందులో నడవలేక ఊరంతా చుట్టి ఇంటికి వస్తున్నాను. నిన్న అచ్చియ్యమ్మ గారే కిటికీలోంచి పిలిచి, “పునాదికి ముగ్గెప్పుడు పోస్తన్నారు బాబూ?” అని నవ్వుతూ అడిగింది. అడుగుతూనే సూదిలో దారం ఎక్కించుకుంది. నాకు ప్రాణం చచ్చిపోయింది.

కావున, కాదనే ధైర్యం నాకు లేదు గనుక తమరే కాదనవలెను. ఏ పాత రూలైనా ఫరవాలేదు. సీలు మాత్రం కాస్త పెద్దది వేయించండి, డెబోరాకి చూపించాలి. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శామ్సన్

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా సందులో తాపీ చప్పుడైంది. అచ్చియ్యమ్మ గారు మేస్త్రీని పిలిపించి కిటికీ మూయిస్తున్నారు. “మీరు మొకం సాటేసుకుని తిరగతంటే సూడలేకపోతన్నాను బాబూ. నాకూ సూపు తగ్గిపోయింది, మిషను మేనకోడలికి ఇచ్చేస్తాను. కట్టుకోండి” అంటోంది. అబద్ధమండీ! నిన్న దారం ఒక్కసారికే ఎక్కించింది, నేను చూశాను.

ఇటుకలు సగానికి లేచాయి. పోస్టు చెయ్యను, పట్టుకుని నేనే పరుగెత్తుకొస్తున్నాను. సిమెంటు ఆరక ముందే కాదనండి బాబూ.