యజమాని గడిలో నా పేరు

పుంగ్గోల్,
ఆదివారం మధ్యాహ్నం

జకార్తాలో ఉన్న శ్రీవారికి,

శ్రీలేఖ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరమంటే ముందు ఆ మాట రాయాలి గనక రాశాను. అంతా చదివాక అది ఎంతవరకు నిజమో మీరే తేల్చుకోండి. అక్కడ మీ ఒంట్లో బాగానే ఉందనీ, బయటి తిండి కాస్త తగ్గించారనీ తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కోకండి. ఫోన్లో నేను రెండు మాటలు అనేసరికి మీకు మీటింగ్ వచ్చిపడుతుంది. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయడం కుదరదు. మీ ఆఫీసు కృష్ణమూర్తిగారు రేపు అక్కడికి వస్తున్నారట, ఆయన చేతికే ఇస్తున్నాను. గోంగూర పచ్చడి సీసా కూడా ఇచ్చాను. మూత బిగుతుగా ఉంది, జాగ్రత్తగా తీయండి.

అక్షర చదువు గురించి అడిగారు. బాగానే చదువుతోంది. లెక్కల ట్యూషన్ మానిపించలేదు. పొద్దున నేను గిన్నెలు కాస్త గట్టిగా సర్దుతుంటే "వై సో యాంగ్రీ లా, అమ్మా?" అంది ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో. పన్నెండేళ్ళ పిల్లకు ఏమని చెప్పను? అందుకే మీకు చెబుతున్నాను.

మీ అన్నయ్యకు, అదే బావగారికి, క్షమాపణ చెప్పావా అని అడిగారు. చెప్పలేదు. చెప్పను కూడా. నువ్వు వేరే కంపెనీ పెట్టావని ఎవరో అన్నారు, నిజమేనా అని కూడా అడిగారు. ఆ జవాబు కాస్త ఆగి చెబుతాను. ముందు మీరు మరిచిపోయినవి కొన్ని గుర్తుచేయాలి.

మనం చోవా చూ కాంగ్‌లో ఉన్నప్పుడు పక్క బ్లాకులో భద్రయ్య అంకుల్ ఉండేవారు. మూత్రం గొట్టం మార్పించుకోవడానికి ఆయన నెలనెలా ఆసుపత్రికి వెళ్ళాలి. కొడుకూ కోడలూ ఇద్దరికీ వన్-నార్త్‌లో ఉద్యోగాలు, సెలవు దొరకదు. "శ్రీలేఖ ఇంట్లోనే ఉంటుందిగా" అన్నారు. వెళ్ళాను. తర్వాత వాళ్ళ స్నేహితుల అమ్మగారు, ఆ తర్వాత ఇంకొకరి మామగారు. డాక్టరు నొప్పి ఎలా ఉందని అడిగితే మన పెద్దవాళ్ళు "పర్వాలేదండీ" అంటారు. రాత్రంతా మూలిగిన మనిషి కూడా అదే అంటాడు. పక్కన కూర్చుని, కాదు డాక్టరుగారూ, ఇది సంగతి అని చెప్పడమే నా పని. మొదట్లో ఎవరూ డబ్బు ఇచ్చేవారు కాదు. మనవాళ్ళ దగ్గర డబ్బేమిటని ఒక డబ్బా మైసూర్‌పాక్ ఇచ్చేవారు. మన ఇంట్లో మైసూర్‌పాక్ తినేవాళ్ళెవరూ లేరని మీకు తెలుసు.

ఇక్కడ ఈ పనిని మెడికల్ ఎస్కార్ట్ అంటారు. ఆ మాట పెట్టుకోకు, మనవాళ్ళు వేరే అర్థం తీసి నవ్వుతారని మీరు రాశారు. ఆసుపత్రి వరండాలో ఆ మాట విని ఇంతవరకు ఎవరూ నవ్వలేదు. నవ్వే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

దీన్ని పద్ధతిగా ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయిద్దామని బావగారు అన్నప్పుడు నేనెంత సంబరపడ్డానో మీరు చూశారు. ఆ రోజు వాళ్ళింట్లో నేను వంటగదిలో మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. మీరిద్దరూ హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. రాజమండ్రి సిద్ధాంతిగారికి మన ముగ్గురి పేర్లూ వాట్సాప్‌లో పంపారు. నా పేరుకు వ్యాపారం అచ్చిరాదనీ, 'క' అక్షరానికి మంచి బలం ఉందనీ ఆయన సెలవిచ్చారు. ఇంకేముంది! ఫారంలో యజమాని గడిలో కేశవరావు బావగారి పేరు ఎక్కింది. కంపెనీకి 'కేశవ కేర్' అని నామకరణం జరిగింది. ఇది ఎవరి వ్యాపారం అని ప్రభుత్వం అడిగితే, ఎవరి జాతకం బాగుందో చూసి మీరు జవాబిచ్చారు. నేను పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"ఉత్త ఫార్మాలిటీ అమ్మా. మనలో మనకి నీదీ నాదీ ఏంటి?" అన్నారు బావగారు. మీరు బజ్జీ కొరుకుతూ తలూపారు. నేనూ ఊరుకున్నాను. మనం ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఆయన ఆదుకున్న మాట నేను మరిచిపోలేదు. ఎవరైనా నోరెత్తబోతే మీరు ఆ మాటే ముందుకు తెస్తారని కూడా తెలుసు.

ఆ తర్వాత బావగారు ఏ రోజైనా ఒక చక్రాల కుర్చీ తోశారా? ఆసుపత్రి గడప తొక్కారా? కార్డులు మాత్రం అచ్చువేయించుకున్నారు. ఉగాది సభలో, వృద్ధుల సేవకు గుర్తింపు అంటూ ఆయనకు శాలువా కప్పారు. నేను వెనక వరసలో భద్రయ్య అంకుల్ పక్కన కూర్చుని, ఆయన మూత్రం సంచీ నిండకుండా చూసుకుంటున్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది మన ఇంట్లోనే చూశాను. ఆ రోజు మీరు ముందు వరసలో చప్పట్లు కొట్టారు. మీ చప్పుడు నాకు విడిగా వినిపించింది.

అయినా ఓర్చుకున్నాను. పని నాదే కదా అనుకున్నాను. అక్కడే పొరబడ్డాను. కిందటి నెల ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వీల్‌చెయిర్ వ్యాన్లు నడిపే ఏదో కంపెనీ నుంచట. "మీరు కేశవ కేర్‌లో పార్ట్ టైమ్ చేసేవారు కదా? మేం దాన్ని తీసుకున్నాం. మీకు ఇష్టమైతే ఇంటర్వ్యూకి రండి" అంది. నాకు ఇంటర్వ్యూ! అంకుల్‌కు ఏ మాత్ర పడదో, ఏ నర్సుకు కోపమెక్కువో నాకు తెలుసు. పేరు, ఫోన్ నంబరు, నన్ను నమ్మిన పెద్దవాళ్ళ చిరునామాలు, అన్నీ కలిపి బావగారు అమ్మేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

పరిగెత్తుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన టీ తాగుతున్నారు. "నా పేరు మీదున్నదే కదమ్మా అమ్మాను. నీకు నెలజీతం వస్తుంది, హాయిగా ఉంటుంది. ఇంకేం కావాలి?" అన్నారు. అప్పుడన్నాను, అందరి ముందూ అన్నాను. "పేరు మీది బావగారూ, కాళ్ళు నావి. పేరు అమ్ముకున్నారు సరే, నా కాళ్ళు కూడా ఎలా అమ్మారు?" అని. మీరు క్షమాపణ చెప్పమంటున్నది ఆ మాటకే. మీ వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు సోఫాలో తలవంచుకుని కూర్చున్నారు. ఆవిడకూ నా మీద కోపం వచ్చిందనుకున్నాను.

సరే, మీ రెండో ప్రశ్నకు జవాబు. నిజమే, నేను వేరే కంపెనీ రిజిస్టరు చేశాను. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో భద్రయ్య అంకుల్ ఇడియాప్పం తింటుంటే, ఎదురుగా కూర్చుని ఫోన్లోనే చేశాను. సిద్ధాంతిగారిని అడగలేదు. మిమ్మల్నీ అడగలేదు. పేరు 'చేదోడు'. చిరునామా మన ఫ్లాటుదే. యజమాని గడిలో నా పేరు పెట్టుకున్నాను, మీ ఇంటిపేరుతో సహా. దాన్ని మార్చలేదు, కంగారుపడకండి. అయిపోయిందని చెబితే అంకుల్ చెయ్యి కడుక్కొచ్చి, "ఏందమ్మా, ఇప్పుడు నీ పేరు మీదకొచ్చిందా? ఇన్నాళ్లూ నీదేననుకుంటున్నా గదా!" అన్నారు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. పక్క బల్ల దగ్గర చైనా ముసలమ్మ నాకు టిష్యూలు ఇచ్చింది.

ఇంతవరకు రాసినది మీకు సగం తెలిసిందే. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. నిలబడి చదువుతుంటే కూర్చోండి.

'చేదోడు'కు మొదట వచ్చిన మనిషి మీ అమ్మ.

రిజిస్టరయిన మర్నాడే ఫోన్ చేశారు. "నాకో డాక్టరు అపాయింట్‌మెంటుందే. నువ్వు రావాలి. కోడలిగా కాదు, ఆ పనికి రా. అందరి దగ్గరా ఎంత పుచ్చుకుంటావో నా దగ్గరా అంతే పుచ్చుకో" అన్నారు.

"అదేంటత్తయ్యా, మీ దగ్గర డబ్బులేంటి?" అన్నాను.

"కోడలివై వస్తే రాత్రికల్లా మీ ఆయన చెవిన వేస్తావు. డబ్బు పుచ్చుకున్నావనుకో, నోరు మూసుకుంటావు. భద్రయ్యగారి సంగతులు ఏనాడైనా మా ముందు చెప్పావా? చూస్తూనే ఉన్నాలే" అన్నారు.

రొమ్ములో గడ్డ. దసరాకు ముందు నుంచీ ఉందట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మగపిల్లలకి ఆ మాట ఎలా చెప్పనే? సిగ్గు కాదూ? పెద్ద కోడలికి చెబితే వాడికి చెప్పినట్టే" అన్నారు. మేమిద్దరం నాలుగుసార్లు ఆసుపత్రికి తిరిగాం. ప్రతిసారీ నా చేతిలో డబ్బు పెట్టారు, ప్రతిసారీ నేను తీసుకున్నాను. తీసుకోకపోతే ఆవిడ మళ్ళీ రారని భయం. అత్తగారి దగ్గర డబ్బు పుచ్చుకున్నానని రేపు లోకం నన్ను ఆడిపోసుకుంటుంది. ఆడిపోసుకోనివ్వండి.

గురువారం ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు. నాలుగు రోజులు అక్షర దగ్గర ఉంటానని ఆవిడ అంటే బావగారు టాక్సీ పిలిచి ఎక్కించారట, ఎందుకని అడగకుండానే. నిన్న ఇంటికి తెచ్చాను. ఇప్పుడు అక్షర మంచం మీద నిద్రపోతున్నారు. ఇక రాయవచ్చునని ఆవిడే అన్నారు, అందుకే రాస్తున్నాను. అది ఎలాంటి గడ్డో తేల్చే రిపోర్టు బుధవారం వస్తుంది.

ఇంకొక్క మాట. ఇది రాయమని ఆవిడ చెప్పలేదు. రాయకుండా ఉండటం నా వల్ల కావడం లేదు.

మత్తు దిగి కళ్ళు తెరిచాక, "అబ్బాయిలకి చెప్పావా?" అని అడిగారు. "లేదత్తయ్యా, వద్దన్నారుగా" అన్నాను. చాలాసేపు తలుపు వంక చూశారు. "చెప్పకపోయినా ఎవడో ఒకడు వస్తాడేమో అనుకున్నానే" అని గోడ వైపు తిరిగి ఏడ్చారు.

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. అబ్బాయికి సెలవు దొరకలేదట, బయలుదేరాడట, దారిలో ఉన్నాడట అని ఎంతమంది పెద్దవాళ్ళకు చెప్పి ఊరుకోబెట్టానో. మీ అమ్మ దగ్గర మాత్రం ఒక్క అబద్ధం కూడా నోటికి రాలేదు.

బుధవారం పొద్దున పదింటికి మేం వెళుతున్నాం. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలిదాకా తీసుకువెళతాను. డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతాను. ఆవిడ మళ్ళీ తలుపు వంక చూస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు. జకార్తా నుంచి విమానం రెండు గంటలే. రమ్మని బతిమాలడం లేదు, తెలియజేస్తున్నాను.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు
శ్రీలేఖ