స్తంభం ఎక్కేవాడి తాళం

మార్చి 9, ఆదివారం

చిరంజీవి గుండుకు,

అక్క ఆశీస్సులు. అమ్మను మోకాళ్లు ఎప్పటిలాగే సతాయిస్తున్నాయి. మిగతావాళ్లం తింటున్నాం, తిరుగుతున్నాం. ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం రాసి మనిషి చేత పంపుతున్నాను. మీ పెద్దమ్మ ఇంట్లో ఉన్నావని మీ నాన్న చెప్పాడు. ఆయన్ని ఏమీ అనకు. నేను అడిగిన తీరుకు ఎవరైనా చెప్పేసేవాళ్లే.

పిట్ట పోయి నాలుగు నెలలైంది. ఇరవై నాలుగేళ్లొచ్చినా పిట్ట అనే పిలిచేవాళ్లం, అంత బక్కపలచగా ఉండేవాడు. కరెంటు స్తంభం మీద నుంచే ఎవరి వంటింట్లో ఏం మాడుతోందో కనిపెట్టి, కిందికి కేకేసి మరీ చెప్పేవాడు. నా తోడబుట్టినవాడు లైన్‌మన్, వాడి స్నేహితుడివి నువ్వు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌వి. వాడు ఫోన్ చేస్తే నువ్వు లైన్ ఆపేవాడివి. పని ముగించి దిగి వాడు మళ్లీ ఫోన్ చేస్తేనే కరెంటు ఇచ్చేవాడివి. మూడేళ్లు ఆ కట్టుబాటు తప్పలేదు. ఆ రోజు తప్పింది. పిట్ట దిగిపోయాడని హెల్పర్ చెబితే నువ్వు స్విచ్ వేశావు. అప్పటికే వాడు మళ్లీ ఎక్కి ఉన్నాడు.

నీ తప్పేం లేదని అనను. వాడి గొంతు వినకుండా వేశావు. కానీ తప్పంతా నీదే అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎక్కినవాడి ప్రాణం ఒక ఫోన్ మాట మీద వేలాడటమే అసలు తప్పు.

అందుకని ఒక పని నెత్తికెత్తుకున్నాను. స్విచ్‌కు తాళం ఉండాలి. దానికి ఒక్కటే తాళంచెవి ఉండాలి. అది ఎక్కేవాడి జేబులో ఉండాలి. ఇంజనీరు గారి దగ్గరికి మొదటిసారి వెళ్తే కూర్చోబెట్టి టీ ఇప్పించారు. ఆరోసారి కూర్చోమని కూడా అనలేదు. పని దగ్గరపడిందని అప్పుడే అర్థమైంది. ప్రతిసారీ వెళ్లి తాళం వేసి రావాలంటే అరగంట పోతుందమ్మా అన్నారు. పోనివ్వండి, అరగంటే కదా అన్నాను. ఆయన తల దించుకుని అర్జీ తీసుకున్నారు.

జిరాక్స్ షాపు నాదే కాబట్టి కాపీలకు కొదవ లేదు. నూట పన్నెండు మంది లైన్‌మన్లు సంతకాలు పెట్టారు. ఆపరేటర్లవి మాత్రం ఒక్కటీ లేదు. మొదటి సంతకం నీదే కావాలి.

బుధవారం పది గంటలకు కరెంటు ఆఫీసులో పిట్ట చావు మీద ఆఖరి విచారణ. నువ్వు రాకపోతే తప్పు నీ మీద రాసి ఫైలు మూసేస్తారు. దాంతోపాటు తాళం సంగతీ మూసేస్తారు. రేపు ఇంకో ఇంటి పిల్లవాడు ఎక్కుతాడు, ఇంకో ఆపరేటర్ స్విచ్ వేస్తాడు.

అమ్మకు మొహం చూపించలేనని భయపడకు. అడిగాను. ఏడుస్తాను, రెండు దెబ్బలు కూడా వేస్తాను, తర్వాత అన్నం పెడతాను, రమ్మను అంది.

కాబట్టి మంగళవారమే బయల్దేరు.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క

తా.క.: ఈ మాట అమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు పిట్ట పని మధ్యలో ఎందుకు దిగాడో మీకెవరికీ తెలియదు. నాకు తెలుసు. షాపులో కరెంటు లేదు, బయట ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఎప్పుడొస్తుందని అడగడానికి నేనే ఫోన్ చేశాను. ఎత్తకపోతే మళ్లీ చేశాను. మూడోసారికి కిందికి దిగి ఎత్తాడు. పది నిమిషాలక్కా, ఒక్క తీగ బిగిస్తే అయిపోతుంది అన్నాడు. హెల్పర్ వాడిని కింద చూసింది అప్పుడే. ఫోన్ పెట్టేసిన కాసేపటికే షాపులో లైట్లు వెలిగాయి. పది నిమిషాలన్నవాడు నాలుగు నిమిషాల్లోనే ఇచ్చాడే అని సంతోషించాను. బుధవారం అందరి ముందూ ఇదే చెబుతాను. నువ్వొచ్చినా, రాకపోయినా చెబుతాను. వస్తే మాత్రం నా పక్కన కూర్చో.