ఆ ముక్కను ఉంచండి

డాక్టరు బాబుగారికి, ఆరో నంబరు మంచం పిల్ల తల్లి రాసుకునేది.

పిల్ల పోయాక మీరు పంపిన కాగితం కూడబలుక్కుని చదివాను. పరీక్షకని తీసిన దాని చర్మం ముక్క మీ ల్యాబులో ఇంకా పెరుగుతోందట. పరిశోధనకు ఉంచాలా, పారెయ్యాలా అని అడిగారు.

ఉంచండి. ఆ జబ్బు పిల్లలు ఇంకా ఉన్నారుగా.

దాని చర్మం తడికాగితంలా ఊడొచ్చేది. తొమ్మిదేళ్లూ గౌను తిరగేసి తొడిగాను, కుట్లు ఒరుసుకోకుండా. ఉంగరం తీసేసి ఎత్తుకున్నాను. "ఒక్కసారి గట్టిగా పట్టుకోవే అమ్మా" అనేది. "మీ డాక్టరుగారిని మందు కనిపెట్టనీ, వదలమన్నా వదలను" అనేదాన్ని. పోయాకే పట్టుకున్నాను.

అక్కడ ఆ ముక్కను ముట్టుకునేవాళ్లని ఉంగరాలు తీసి ముట్టుకోమనండి. నాది నేనింకా పెట్టుకోలేదు.